జవాబు తేడాగా వచ్చినప్పుడు స్లిమ్ ఏ మేరకు ఆదుకుంటుంది: ఒక జనాభా జన్యుశాస్త్ర సిమ్యులేటర్ సమీక్ష

నలభై రావలసిన చోట పదహారు వచ్చింది. స్లిమ్‌లో నేను మొట్టమొదట రాసుకున్న మోడల్ చాలా చిన్నది: వెయ్యి ద్వయస్థితిక జీవులు (జన్యుపదార్థం రెండేసి ప్రతులుగా ఉన్నవి), లక్ష స్థానాల పొడవున్న ఒక జన్యుఖండం, ఒక్కో స్థానంలో తరానికి కోటికి 1 చొప్పున ఉత్పరివర్తనం, అంటే మ్యుటేషన్; వరణం, అంటే ప్రకృతి ఎంపిక, లేదు, వలస లేదు, జీవిలోని రెండు జన్యుప్రతులు ముక్కలు మార్చుకునే పునఃసంయోజనం కూడా లేదు. ఇటువంటి జనాభాలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న రెండు జన్యుప్రతుల మధ్య సగటున ఎన్ని తేడాలుండాలో కాగితం మీదే తేల్చవచ్చు. జనాభా పరిమాణాన్ని మ్యుటేషన్ రేటుతో హెచ్చించి, దానికి నాలుగు రెట్లు కడితే స్థానానికి 0.0004, లక్ష స్థానాలకు 40 వస్తుంది. వెయ్యి తరాల చొప్పున వంద సార్లు నడిపి సగటు తీస్తే నాకు వచ్చింది 16. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, ప్రోగ్రామ్ మధ్యలో ఆగలేదు. చక్కగా ముగించి, తన పని తాను చేసినట్టు ఆ అంకెను నా చేతిలో పెట్టింది.

ఆ పదహారు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏ సిమ్యులేటర్‌నైనా నేను ఒకే తక్కెడలో తూస్తున్నాను: ఊహించని జవాబు వచ్చినప్పుడు, తేడా ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడానికి ఆ సాధనం ఎంత సాయపడుతుంది? వేగం, సౌకర్యాల జాబితా, అందమైన గ్రాఫులు నా లెక్కలో దాని తరువాతే వస్తాయి, ఎందుకంటే తప్పు మోడల్‌ను వేగంగా నడిపే సాధనం వల్ల తప్పు అంకెలు త్వరగా చేతికందడం తప్ప ఒరిగేదేమీ లేదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. స్లిమ్ కాలంలో ముందుకు నడిచే సిమ్యులేటర్. ప్రతి తరంలో ప్రతి జీవినీ, దాని జన్యుపదార్థాన్నీ, ఎవరు ఎవరితో జతకట్టి ఎవరిని కన్నారన్న వివరాన్నీ అది లెక్కలో ఉంచుకుంటుంది. ఫిలిప్ మెస్సర్ తొలి రూపాన్ని 2013లో ప్రకటించారు. తరువాతి రూపాలను కార్నెల్ విశ్వవిద్యాలయంలోని ఆయన బృందంలో ప్రధానంగా బెన్ హాలర్ తీర్చిదిద్దారు. మోడల్‌ను ఐడోస్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి. సాఫ్ట్‌వేర్ ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం. దీనికి పూర్తిగా ఎదురు దిశలో పనిచేసేది ఎమ్‌ఎస్‌ప్రైమ్. అది ఈనాటి నమూనాల నుంచి వెనక్కి నడుస్తూ వాటి పూర్వీకుల వంశరేఖలు ఎక్కడ కలుస్తాయో వెతుకుతుంది. ఈ సమీక్ష ప్రధానంగా స్లిమ్ గురించే అయినా, స్లిమ్ జవాబును సరిచూసుకోవడానికి నేను ఎక్కువగా ఆశ్రయించేది ఎమ్‌ఎస్‌ప్రైమ్‌నే కనుక దాని ప్రస్తావన కూడా తప్పదు.

పదహారు సంగతికి వద్దాం. స్లిమ్‌లో జనాభాను సృష్టించిన క్షణాన దానిలోని ప్రతి జన్యుప్రతీ ఖాళీగా ఉంటుంది, అంటే ఒక్క మ్యుటేషన్ కూడా ఉండదు. సిద్ధాంతం చెప్పే 40 అనే అంకె మ్యుటేషన్ వల్ల పుట్టే వైవిధ్యమూ, యాదృచ్ఛిక విస్థాపన, అంటే తరం నుంచి తరానికి కేవలం అదృష్టం మీద జరిగే మార్పు, వల్ల పోయే వైవిధ్యమూ సమతుల్యానికి చేరిన జనాభాకు మాత్రమే వర్తిస్తుంది. ఆ స్థితికి చేరడానికి తీసుకునే కాలానికి కొలత జనాభా పరిమాణానికి రెట్టింపు తరాలు, నా మోడల్‌లో 2000. వెయ్యి తరాల తరువాత ఉండవలసినది 40లో 39 శాతం, అంటే అచ్చంగా 16. అయిదు వేల తరాలకు 37 దగ్గరికి వస్తుంది. పది వేల తరాలు గడిస్తే గానీ 39.7 కాదు. జనాభా పరిమాణానికి పది రెట్ల తరాల పాటు బర్న్-ఇన్, అంటే కొలతలకు ముందు సమతుల్యం కోసం సాగే దశ, నడపాలని అందరూ చెప్పే సూత్రం వెనుక ఉన్న లెక్క ఇదే. అంటే స్లిమ్ నాకిచ్చిన 16 తప్పు జవాబు కానే కాదు. ఖాళీగా మొదలైన జనాభాకు వెయ్యి తరాలప్పుడు ఎంత వైవిధ్యం ఉండాలో అంతే చెప్పింది. నేను అడిగిన ప్రశ్న వేరు, అడిగాననుకున్న ప్రశ్న వేరు.

ఇక్కడ నాకు కలిసివచ్చినది వంద సార్లు నడపడం ఒక్కటే. పునఃసంయోజనం లేని జన్యుఖండం మొత్తానికి ఒకే వంశవృక్షం ఉంటుంది కనుక ఒక్కొక్క పరుగు ఫలితం విపరీతంగా ఊగుతుంది. సగటు 40 అయిన చోట ప్రామాణిక విచలనం దాదాపు 19 ఉంటుందని సిద్ధాంతమే చెబుతుంది. అంటే అన్నీ సరిగ్గా ఉన్న మోడల్ కూడా ఒకసారి 20, మరోసారి 65 ఇవ్వవచ్చు. ఒక్కసారి నడిపి, వచ్చిన అంకె చూసి సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనేవారినీ, ఒక్కసారి నడిపి అంకె నచ్చింది కదా అని మోడల్ సరైనదని తీర్మానించేవారినీ నేను చూశాను. ఇద్దరిలో రెండోవారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు, ఎందుకంటే వారికి వెతకవలసిన అవసరమే తోచదు. వంద పరుగుల సగటుకు విచలనం 2 లోపుకు దిగుతుంది. అప్పుడు గానీ 40కీ 37కీ తేడా ఉందో లేదో మాట్లాడటానికి వీలుండదు. ఈ విషయంలో స్లిమ్ చేసే మేలు ఒకటి చెప్పాలి. ప్రతి పరుగు మొదట్లోనే అది తాను వాడిన సీడ్ సంఖ్యను, అంటే యాదృచ్ఛిక సంఖ్యల వరుసకు మొదలైన అంకెను, అచ్చువేస్తుంది. వింత ఫలితం వచ్చిన పరుగు సీడ్‌ను తిరిగి ఇస్తే అదే పరుగు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ నడుస్తుంది. వంద పరుగుల్లో తేడాగా ఉన్న ఆ ఒక్కదాన్ని పట్టి, నెమ్మదిగా నడిపి చూడటానికి ఇంతకంటే ఉపకరించేది మరొకటి లేదు.

బర్న్-ఇన్ కోసం పది వేల తరాలు నడపడం వెయ్యి జీవుల మోడల్‌కు పెద్ద లెక్క కాదు గానీ, లక్ష జీవులకు దుర్భరమవుతుంది. దానికి ఒక మంచి దారి ఉంది. స్లిమ్ వంశవృక్షాలన్నింటినీ ట్రీ సీక్వెన్స్ అనే రికార్డుగా నమోదు చేయగలదు. పరుగు ముగిశాక ఇంకా కలవని వంశరేఖలను పైస్లిమ్ అనే పైథాన్ లైబ్రరీ ద్వారా ఎమ్‌ఎస్‌ప్రైమ్‌కు అప్పగిస్తే, అది వెనక్కి నడిచి మిగిలిన చరిత్రను పూరిస్తుంది. మేలూ కీడూ చేయని తటస్థ మ్యుటేషన్లను ఆ తరువాత ఒకేసారి చల్లుకోవచ్చు. అద్భుతమైన ఏర్పాటే, కానీ తేడా జవాబులకు ఇది కొత్త ద్వారాలు కూడా తెరుస్తుంది. చరిత్రను పూరించడం మరిస్తే వృక్షాలకు ఒకటికి మించిన మూలాలు మిగిలిపోయి వైవిధ్యం తక్కువగా కనిపిస్తుంది. అదీగాక, స్లిమ్ స్క్రిప్టులో మ్యుటేషన్ రేటును సున్నా చేయడం మరచి, పైనుంచి మళ్ళీ అదే రేటుతో మ్యుటేషన్లు చల్లితే, స్లిమ్ నడిచిన కాలానికి సంబంధించిన వైవిధ్యం రెట్టింపవుతుంది. రావలసినదానికి సుమారు రెట్టింపు వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇక్కడే.

స్లిమ్ ఎప్పుడు అరుస్తుంది, ఎప్పుడు మౌనంగా ఉంటుంది అన్నది తెలుసుకుంటే దానితో సగం కాపురం సుఖంగా సాగినట్టే. భాషకు సంబంధించిన తప్పుల విషయంలో అది చాలా గట్టిగా అరుస్తుంది. పూర్ణాంకం ఇవ్వవలసిన చోట దశాంశం ఇచ్చినా, లేని జనాభాను పిలిచినా, పేరు తప్పు రాసినా అక్కడికక్కడే ఆగి, తప్పున్న వాక్యాన్ని ఎత్తి చూపుతుంది. నాలుగో రూపంలో కొన్ని పేర్లు మారాయి. యోగ్యతను, అంటే జీవి బతికి పిల్లలను కనే సామర్థ్యాన్ని, మార్చే కాల్‌బ్యాక్‌కు (స్లిమ్ తనంతట తాను పిలిచే కోడ్ ముక్కకు) మ్యుటేషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు, తరం సంఖ్యను చదివే పాత పేరు తీసేశారు. పాత స్క్రిప్టులు దానితో ఆగిపోయాయి. చాలామంది విసుక్కున్నారు గానీ, పాత పేరును మౌనంగా కొత్త అర్థంతో నడిపించడం కన్నా ఆగిపోవడమే వెయ్యి రెట్లు నయమని నా అభిప్రాయం.

మోడల్ అర్థానికి సంబంధించిన తప్పుల దగ్గర మాత్రం అది నోరు మెదపదు. వీటిలో అన్నిటికంటే ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఒక తరంలోని పనుల వరుస. పాత తరం పూర్తిగా పోయి కొత్త తరం వచ్చే, స్లిమ్‌లోని సంప్రదాయ రైట్-ఫిషర్ మోడల్‌లో ఒక తరం ఇలా సాగుతుంది: ముందు ఎర్లీ అనే ఘట్టం, ఆ తరువాత సంతానం పుట్టడం, తల్లిదండ్రుల తరం తొలగిపోవడం, ఆపైన లేట్ అనే ఘట్టం, చివరగా యోగ్యతల లెక్కింపు. ఆ లెక్కింపు చిట్టచివర జరుగుతుందన్న చిన్న విషయమే అసలు కీలకం. తరువాతి తరంలో ఎవరు ఎంతమందిని కంటారన్నది అప్పటికే లెక్కయిపోయి ఉంటుంది. అందువల్ల ఎర్లీ ఘట్టంలో ఒక జీవికి ప్రాణాంతకమైన మ్యుటేషన్‌ను తగిలించినా, ఆ తరంలో జతకట్టే అవకాశాలను అది ఏమాత్రం మార్చదు. పుట్టగానే చావవలసిన జీవి నా మోడల్‌లో నిక్షేపంగా పిల్లలను కన్నది. స్వల్ప ప్రభావమున్న మ్యుటేషన్ అయితే ఒక్క తరం ఆలస్యం ఎవరికీ కనబడదు. ప్రభావం పెద్దదైనప్పుడే గుట్టు బయటపడుతుంది. దాన్ని లేట్ ఘట్టంలోకి మార్చడమే మందు. ఫలితాలను అచ్చువేసే వాక్యానికీ ఇదే జాగ్రత్త అవసరం. ఎర్లీలో అచ్చువేస్తే కనబడేది ఈ తరపు తల్లిదండ్రులు, లేట్‌లో వేస్తే కనబడేది వారి సంతానం. ఒక తరం అటూ ఇటూ అయిన ఫలితాలకు నూటికి తొంభై సార్లు కారణం ఇదే అయి ఉంటుందని నా అనుభవం.

ఈ వరుసను కంఠతా పట్టినవారు కూడా రైట్-ఫిషర్ కాని మోడల్‌కు మారగానే మళ్ళీ బోర్లాపడతారు. అక్కడ పునరుత్పత్తి మొదట జరుగుతుంది, తరువాత ఎర్లీ, ఆపైన యోగ్యతల లెక్క, దాన్ని బట్టి బతికేవారెవరో చచ్చేవారెవరో తేలడం, చివరికి లేట్. యోగ్యతకు అర్థమే మారుతుంది; మొదటి పద్ధతిలో అది ఇతరులతో పోల్చి చూసే సాపేక్ష విలువ, రెండో పద్ధతిలో ఆ జీవి బతికే అవకాశం. జనాభా పరిమాణాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను నిలబెట్టదు. పర్యావరణం మోయగల సంఖ్యను ప్రస్తుత సంఖ్యతో భాగించి, ఆ విలువను యోగ్యతకు గుణకంగా ఎర్లీ ఘట్టంలో మనమే ఇవ్వాలి. అది రాయడం మరిస్తే జనాభా రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరిగి, కంప్యూటర్ మెమరీని మింగేస్తుంది. రాసినవారికి కూడా ఒక తికమక ఉంది. అయిదు వందల జీవులను మోయగల చోట ఒక్కొక్కరూ ఒక బిడ్డను కంటే, ఎర్లీలో లెక్కపెడితే సుమారు వెయ్యి, లేట్‌లో లెక్కపెడితే సుమారు అయిదు వందలు వస్తాయి. రెండూ నిజమే. సిద్ధాంతంతో పోల్చేటప్పుడు ఏ లెక్క తీసుకోవాలన్నది మన బాధ్యత. ఇక తరాలు ఒకదానిపై ఒకటి పడే జనాభాలో స్లిమ్ గడియారపు ఒక్కో టిక్కునూ ఒక్కో తరమనుకుంటే మొత్తం కాలమానమే తప్పుతుంది.

వరణం చేర్చాక వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది, పెట్టిన మేలైన మ్యుటేషన్ మాయమైపోయిందన్నది. స్లిమ్ నిర్వచనం ప్రకారం సమయుగ్మజ జీవి (మ్యుటేషన్ రెండు ప్రతుల్లోనూ ఉన్నది) యోగ్యత ఒకటికి వరణ గుణకాన్ని కలిపితే వచ్చేది. ఒక్క ప్రతిలోనే మ్యుటేషన్ ఉన్న విషమయుగ్మజ జీవికి ఆ గుణకాన్ని బహిర్గతత్వ గుణకంతో, అంటే ఒక్క ప్రతికి ఎంత ప్రభావమో చెప్పే అంకెతో, హెచ్చించి కలపాలి. గుణకం 0.02, బహిర్గతత్వం 0.5 అనుకుంటే, ఒకే ఒక్క ప్రతిగా మొదలయ్యే మ్యుటేషన్‌కు విషమయుగ్మజంలో లాభం 0.01. అటువంటిది జనాభా అంతటా స్థిరపడే సంభావ్యత ఆ లాభానికి సుమారు రెట్టింపు మాత్రమేనని జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1927లోనే చూపించారు. అంటే నూటికి రెండు. వందలో తొంభై ఎనిమిది పరుగుల్లో అది మాయమైతే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తున్నట్టే. స్థిరపడిన పరుగులనే అధ్యయనం చేయాలనుకుంటే, మ్యుటేషన్ పోయిందో లేదో ప్రతి తరంలో చూసి, పోతే దాచిన స్థితికి వెనక్కి వెళ్ళి కొత్త సీడ్‌తో మళ్ళీ మొదలుపెట్టే పద్ధతిని మాన్యువల్ ఉదాహరణతో సహా చూపుతుంది. కొన్ని పాఠ్యపుస్తకాలు విషమయుగ్మజ లాభాన్నే వరణ గుణకంగా నిర్వచిస్తాయి. ఆ పుస్తకంలోని అంకెను ఉన్నదున్నట్టు స్లిమ్‌లో వేసి, బహిర్గతత్వం 0.5 ఇస్తే ప్రభావం సరిగ్గా సగమవుతుంది. ఫలితం సిద్ధాంతానికి సరిగ్గా సగమో రెట్టింపో అయినప్పుడు నిర్వచనాలను సరిచూడకుండా కోడ్‌లో వెతకడం కాలహరణం.

నాకు స్వయంగా అన్నిటికంటే ఎక్కువ చుక్కలు చూపించినది గామా విభాజనం, అంటే విలువలను యాదృచ్ఛికంగా తీసే ఒక గణాంక నమూనా. హానికర మ్యుటేషన్ల ప్రభావాలను గామా నుంచి తీయాలన్నప్పుడు స్లిమ్ అడిగేది సగటు, ఆకృతి. గణాంక లైబ్రరీలు చాలావరకు అడిగేది ఆకృతి, స్కేలు. సగటు ఈ రెండింటి లబ్ధం. నేను వేరే సాధనం నుంచి ఆకృతి 0.2, స్కేలు 0.15 తెచ్చి వాటిని అదే వరుసలో స్లిమ్‌లో పెట్టాను. నా ఉద్దేశంలో సగటు ప్రభావం మైనస్ 0.03. స్లిమ్‌కు అర్థమైనది సగటు ప్లస్ 0.2, ఆకృతి 0.15. రుణ గుర్తు కూడా పోయింది, ఎందుకంటే వేరే చోట హానిని ధన సంఖ్యగానే రాసే అలవాటుంది. హానికర మ్యుటేషన్లు ఉండవలసిన చోట బ్రహ్మాండమైన లాభాన్నిచ్చే మ్యుటేషన్లు తుంపరగా పుట్టి, ఒకదాని తరువాత ఒకటి జనాభాను ఊడ్చేసి, చుట్టుపక్కల వైవిధ్యాన్ని తుడిచిపెట్టాయి. వైవిధ్యం తగ్గుతుందని నేను ముందే ఎదురుచూస్తున్నాను కనుక, తగ్గడం చూసి సంతోషించాను కూడా. గుట్టు రట్టు చేసింది స్లిమ్ తన అవుట్‌పుట్ మొదట్లో తిరిగి వల్లించే ప్రారంభ విలువల పట్టిక. స్క్రిప్టులో ఏమి రాశామో కాక, సాఫ్ట్‌వేర్ ఏమి స్వీకరించిందో అది చెబుతుంది. ఆ నాలుగు వాక్యాలను చదవకుండా దాటేసేవారు ఎంతమందో లెక్కలేదు. నేనూ అప్పటిదాకా వారిలో ఒకడినే.

వేగం కోసం జనాభాను పదో వంతుకు కుదించి, మ్యుటేషన్, పునఃసంయోజనం, వరణ గుణకాలను పది రెట్లు చేసి, కాలాన్ని పదో వంతు చేసే అలవాటు గురించి క్లుప్తంగా చెబుతాను. తటస్థ మోడల్‌కు అది చాలావరకు నిలబడుతుంది. గుణకం 0.05 నుంచి 0.5 అయినప్పుడు మాత్రం చిన్న గుణకాల మీద కట్టిన సూత్రాలేవీ దానికి వర్తించవు. ముందు రెండు వేర్వేరు కుదింపులతో నడిపి జవాబులు కలుస్తున్నాయో లేదో చూడకుండా ఆ ఫలితాలను నమ్మడం నాకు చేతకాదు.

స్లిమ్ జవాబును సరిచూడటానికి ఎమ్‌ఎస్‌ప్రైమ్ ఎంత ఉపకరిస్తుందో, దాని నిర్వచనాలు తెలియకపోతే అంత మోసం చేస్తుంది. పాత రూపంలో నమూనా పరిమాణం 10 అంటే పది జన్యుప్రతులు. 2022 నాటి పరిశోధనా పత్రంలో వివరించిన ఒకటో రూపంలో పది అంటే పది ద్వయస్థితిక జీవులు, అంటే ఇరవై జన్యుప్రతులు. దీని పర్యవసానం రెట్టింపు తేడాగా కనబడితే ఎవరైనా పట్టుకునేవారే. పైన చెప్పిన నా మోడల్‌లో పది జన్యుప్రతుల నమూనాలో వైవిధ్యమున్న స్థానాలు సగటున 113 ఉండాలి. ఇరవై ప్రతులైతే 142. జతల మధ్య తేడాల సగటైతే అసలు మారనే మారదు, రెండు చోట్లా నలభయ్యే. ఒక కొలత కుదిరి మరొకటి పాతిక శాతం ఎక్కువ రావడంతో, మూడు రోజులు మ్యుటేషన్ మోడల్‌ను అనుమానించాను. నమూనాలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

వలస దిశ ఇంకా గడ్డు సమస్య. స్లిమ్‌లో మొదటి జనాభాకు రెండో జనాభా నుంచి వలస రేటు 0.1 అని ఇస్తే, మొదటి జనాభాలో పుట్టే సంతానంలో పదో వంతుకు తల్లిదండ్రులు రెండో జనాభా నుంచి వస్తారని అర్థం. ఎమ్‌ఎస్‌ప్రైమ్ కాలంలో వెనక్కి నడుస్తుంది కనుక దాని మాత్రికలో ఒకటి నుంచి రెండుకు ఉన్న రేటు వంశరేఖలు వెనక్కి కదిలే దిశను చెబుతుంది. ముందుకు చూస్తే జీవులు రెండు నుంచి ఒకటికి వస్తున్నట్టు. రేట్లు రెండు వైపులా సమానమైతే ఈ తప్పు జన్మలో బయటపడదు. నేను పాటించే పరీక్ష చాలా సాదా. వలసను ఒక్క దిశలోనే ఉంచి, ఒక జనాభాలో మాత్రమే స్థిరపడిన మ్యుటేషన్‌ను గుర్తుగా పెట్టి, అది రెండో జనాభాలో కనబడుతుందో లేదో చూడటం.

ఈ రకం తప్పులు కొత్తవారికే పరిమితం అనుకునేవారికి ఒక బహిరంగ ఉదంతం ఉంది. ఆఫ్రికా, ఐరోపా, తూర్పు ఆసియా జనాభాల చరిత్రకు 2009లో ప్రచురితమైన ప్రసిద్ధ మోడల్‌ను ఎమ్‌ఎస్‌ప్రైమ్ డాక్యుమెంటేషన్ ఉదాహరణగా చూపింది. అందులో వెనక్కి వెళ్ళే కొద్దీ జనాభాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక వలసను ఆపే వాక్యం లేదు. అందువల్ల ఒకే జనాభా ఉండవలసిన సుదూర గతంలోనూ వంశరేఖలు రెండు జనాభాల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఆ కోడ్‌ను మక్కికి మక్కి దించుకున్న అధ్యయనాలకు కూడా అదే తప్పు పాకింది. ప్రామాణిక మోడళ్ళను ఒకచోట చేర్చే ఎస్‌టీడీపాప్‌సిమ్ అనే ప్రాజెక్టులో, ఒకరు రాసిన మోడల్‌ను మరొకరు మూల పత్రం నుంచి స్వతంత్రంగా రాసి, రెండింటినీ పోల్చే నియమం ఉంది. తప్పు అక్కడ బయటపడింది. 2020లో, ఎమ్‌ఎస్‌ప్రైమ్ రచయిత కూడా పాలుపంచుకున్న ఒక వ్యాసంలో ఆ పొరపాటును దాచకుండా వివరించారు. సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవారి మీద నాకు నమ్మకం పెరిగింది ఇటువంటి చోటే.

ఫలితాల ఫైళ్ళ విషయంలో రెండు సంగతులు చాలు. స్లిమ్ స్థానాలను సున్నా నుంచి లెక్కిస్తుంది. లక్ష స్థానాల ఖండంలో చివరిది 99,999. జన్యు తేడాలను రాసే ప్రామాణిక రూపమైన వీసీఎఫ్ ఫైలు ఒకటి నుంచి లెక్కిస్తుంది కనుక రాసేటప్పుడు స్లిమ్ ప్రతి స్థానానికీ ఒకటి కలుపుతుంది. రెండోది, రైట్-ఫిషర్ మోడల్‌లో జనాభా అంతటా స్థిరపడిన మ్యుటేషన్లను స్లిమ్ సాధారణంగా పక్కకు తీసి, ప్రత్యామ్నాయాల జాబితాలో పెడుతుంది. నమూనా ఫైలులో అవి కనిపించవు. జనాభా తన మొదటి పూర్వీకుల నుంచి ఎంత దూరం వచ్చిందో కొలవాలనుకునేవారు ఆ జాబితాను విడిగా రాయించుకోకపోతే, స్థిరపడిన మార్పులేవీ లేనట్టు కనిపిస్తుంది.

స్లిమ్‌జీయూఐ అనే దాని దృశ్య రూపం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అన్యాయమవుతుంది. మొదట్లో మ్యాక్‌కే పరిమితమైనా ఇప్పుడు లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. జీవులు యోగ్యతను బట్టి రంగు మారే చిన్న చతురస్రాలుగా కనబడతాయి, జన్యుఖండం మీద మ్యుటేషన్లు గీతలుగా నిలుస్తాయి, ఒక్కొక్క తరం చొప్పున అడుగువేయవచ్చు, ఎక్కడ ఆపితే అక్కడ కన్సోల్‌లో ప్రశ్నలు అడగవచ్చు. నా గామా పొరపాటును ఇక్కడ నడిపి ఉంటే పది తరాల్లోనే రంగులు చెప్పేసేవి. క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహం) మీద వెయ్యి పరుగులు వేయడానికి ముందు, వంద జీవులతో అదే స్క్రిప్టును ఈ కిటికీలో అయిదు నిమిషాలు చూడటం ఇప్పుడు నేను తప్పనిసరిగా పాటించే నియమం. మాన్యువల్ వందల పేజీల గ్రంథం. ఐడోస్‌కు వేరే మాన్యువల్. పొడవు చూసి భయపడేవారికి నా సలహా, ఉదాహరణలను తరువాత చదవవచ్చు, తరంలోని పనుల వరుసను వివరించే అధ్యాయాలను మాత్రం మొదటి రోజే చదవాలి. నేను ఎదుర్కొన్న ప్రతి వింతకూ వివరణ అందులో ఉంది. తప్పు జరిగిన క్షణాన ఆ పేజీ తెరుచుకోదు, అదొక్కటే బాధ.

ఆ లోటే నా ప్రధాన అసంతృప్తి. బర్న్-ఇన్ లేకుండా వైవిధ్యాన్ని కొలుస్తున్నారనో, హానికరమనుకునే చోట సగటు ధన సంఖ్యగా ఉందనో సాఫ్ట్‌వేర్ కనిపెట్టలేదని నాకు తెలుసు, ఎందుకంటే అవి కొందరికి తప్పులు, మరికొందరికి కావాలని చేసే ప్రయోగాలు. అయినా 0.2 వంటి పెద్ద సగటు చూసినప్పుడు, ఆపకుండా, ఒక్క వాక్యం హెచ్చరికగా అచ్చువేసినా ఎంతో మేలు జరిగేది.

వరణం, భూగోళం మీద విస్తరణ, జతకట్టే పద్ధతులు, వయసుల నిర్మాణం వంటివి మోడల్ చేయవలసినవారికి స్లిమ్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. తటస్థ చరిత్ర మాత్రమే కావలసినవారు నేరుగా ఎమ్‌ఎస్‌ప్రైమ్‌కు వెళ్ళడం మంచిది. నా మొదటి మోడల్ అక్కడ క్షణాల్లో ముగిసేది, బర్న్-ఇన్ ప్రసక్తే ఉండేది కాదు. ఆ పదహారు ఇచ్చిన స్క్రిప్టును నేను ఇంకా చెరిపేయలేదు. కొత్త రూపం దిగుమతి చేసుకున్న ప్రతిసారీ మొదట దాన్నే వెయ్యి తరాలకూ పది వేల తరాలకూ వంద సార్ల చొప్పున నడుపుతాను, 16 దగ్గర ఒకటి, 40 దగ్గర మరొకటి వచ్చాకే అసలు పని మొదలుపెడతాను.